అంత పెద్ద దున్నను సింహాలు ఎలా పడగొడతాయి?

ఆఫ్రికా అడవిదున్న 700 కిలోల దాకా తూగుతుంది. ఆడ సింహం బరువు 130 కిలోలే. మరి దున్న ఎలా పడుతుంది?

ఎదురుగా వెళ్తే మాత్రం పడదు. ఆ కొమ్ముల పోటుకు సింహాలే చచ్చిపోతుంటాయి. అందుకే బోట్స్వానాలోని ఒకవాంగో చిత్తడి నేలల్లో సింహాలు ముందు మందను బెదరగొడతాయి. దున్నలన్నీ కలిసి నిలబడ్డాయా, ఇక దగ్గరికి పోలేవు. పరుగు తీస్తే ఏదో ఒకటి వెనకబడుతుంది కదా! ముసలిదో, కుంటుతున్నదో, దూడో. సింహాలకు కావలసింది అదే.

ఆ తర్వాతది మీకు తెలిసిన ఆటే. కబడ్డీలో కూతకొచ్చినవాడు ఎంత బలవంతుడైనా, ఒకరు కాలు, ఇంకొకరు నడుము పట్టేస్తే గీత దాకా పోలేడు. సింహాలూ అంతే, వెనకనుంచి దూకి, గోళ్లు దించి వేలాడతాయి. మగ సింహం ఉత్త సోమరి అంటారు గానీ, ఇక్కడ దాని 190 కిలోల బరువు భలే పనికొస్తుంది. వెనక కాళ్లు తడబడి దున్న కూలుతుంది.

అప్పుడొక సింహం దాని గొంతు పట్టుకుంటుంది. లేదా ముక్కూ నోరూ కలిపి తన నోట్లో బిగిస్తుంది. ఊపిరి ఆడక దున్న చనిపోతుంది. అందుకు చాలా నిమిషాలు పడుతుంది. ఈలోగా మిగతా దున్నలు తిరిగొచ్చి తరిమితే, సింహాలు దొరికినదాన్ని వదిలేసి పారిపోవాల్సిందే!