పాత విమానం.. ధర ఒక్కటే చూస్తే చాలదు!

కాశిబుగ్గ: ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు పాత ట్రాక్టరు కొనేటప్పుడు ధర కన్నా ముందు ఇంజిను బోరుకు వచ్చిందా అని చూస్తాడు. పాత టర్బోప్రాప్ విమానం కొనుగోలుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 1981లో మూతపడిన మామునూరు విమానాశ్రయ అభివృద్ధికి కేంద్రం 2025 ఫిబ్రవరి 28న ఆమోదం తెలిపిన నేపథ్యంలో ఈ లెక్క జిల్లావాసులూ తెలుసుకోదగినది.

ఇంజినులోనే అసలు ధర
టర్బైన్ ఇంజిను శక్తితో పంకాలు తిరిగే విమానమే టర్బోప్రాప్. రెండు ఇంజిన్లుండే కింగ్ ఎయిర్ బి-200లో ఇంజిను ఓవర్‌హాల్‌కు తయారీదారు సూచించిన గడువు 3,600 గంటలు. ఉదాహరణకు ఓవర్‌హాల్‌కు ఇంజినుకు రూ.3 కోట్లు అనుకుందాం. గడువు ముగియవచ్చిన విమానం రూ.9 కోట్లకు దొరికినా, రెండు ఇంజిన్లతో ఖర్చు రూ.15 కోట్లకు చేరుతుంది. గడువు అధికంగా మిగిలి ఉన్న రూ.12 కోట్ల విమానమే చవక అవుతుంది.

ఎండలో తగ్గే సత్తువ
సీట్ల సంఖ్యను చూసి సామర్థ్యాన్ని నిర్ణయించరాదు. ట్యాంకు నిండా ఇంధనం పోస్తే అన్ని సీట్లలో ప్రయాణికులను, సామానును ఎక్కించడం తరచూ సాధ్యపడదు. పైగా ఓరుగల్లు మే ఎండల్లో గాలి పలుచబడి ఇంజిను శక్తి తగ్గుతుంది, రన్‌వేపై పరుగు పెరుగుతుంది. ఒక ఇంజిను ఆగినా విమానం సురక్షితంగా పైకి లేవాలి. అందుకే ఆ వేడిలో, ఆ రన్‌వేపై ఎంత బరువు మోయగలదో పట్టికల్లో చూడాలి.

దారిని బట్టి విమానం
సుమారు 70 సీట్ల ఏటీఆర్-72 గంటకు దాదాపు 500 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ ఈ రకం విమానాలతోనే 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాద్ సర్వీసు నడిపింది. ఆ సంస్థ సర్వీసులు 2022లో నిలిచిపోయాయి. మామునూరు నుంచి హైదరాబాద్‌కు రోడ్డు, రైలు మార్గాలే సులభం. తిరుపతి, బెంగళూరు వంటి దూరాలకు టర్బోప్రాప్ తగినది. ఢిల్లీకి జెట్ విమానమే మేలు.

నిండిన సీటుకు గంటకయ్యే ఖర్చే అసలు కొలమానం. చవకగా కొన్న విమానం షెడ్డుకే పరిమితమైతే సర్వీసు ఆగుతుంది. నష్టపోయేది ప్రయాణికుడే.