వెళ్లడం వేరు, తీసుకెళ్లడం వేరు

చలికాలం వచ్చిందంటే దోహా పాత రేవుకి పెద్ద పెద్ద ఓడలు వస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ క్రూజ్‌ల సీజన్. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అప్పుడు ఎంఎస్‌సీ కంపెనీ ఓడలు ఈ రేవులోనే నిలిచి, అభిమానులకి తేలే హోటళ్లయ్యాయి. ఇప్పుడు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని నాలుగైదు రోజుల క్రూజ్‌కి తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి.

మరి ఇంట్లో చూపు లేనివాళ్లుంటే? "వాళ్లకి ఓడెందుకు, ఏం చూస్తారు?" అనే మాట మనలో చాలా సులువుగా వచ్చేస్తుంది. సముద్రపు గాలి, డెక్ మీద సంగీతం, కొత్త వంటలు, కొత్త మనుషులతో కబుర్లు... వీటిలో దేనికీ కళ్లు అక్కర్లేదు. కావాల్సిందల్లా గదిలోంచి బయటికి తనంతట తాను రాగలగడం. గైడ్ డాగ్ ఇచ్చేది సరిగ్గా అదే.

ఓడలో పార్సిల్‌లా వెళ్లినవాడు

ఈ కథలో ఓడ మొదటినుంచీ ఉంది. గైడ్ డాగ్‌ల శిక్షణ పద్ధతిగా మొదలైంది 1916లో, జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం. 1927 నవంబరులో డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఈ కుక్కల గురించి ఒక పత్రికలో వ్యాసం రాశారు. స్విట్జర్లాండ్‌లో ఉంటూ జర్మన్ షెపర్డ్ కుక్కలని పెంచి శిక్షణ ఇచ్చేవారావిడ. అమెరికాలోని నాష్‌విల్‌లో చూపు లేని కుర్రాడు మోరిస్ ఫ్రాంక్‌కి వాళ్ల నాన్న ఆ వ్యాసం చదివి వినిపించారు. తనకీ అలాంటి కుక్క కావాలని అతను ఆవిడకి ఉత్తరం రాశాడు.

1928లో ఫ్రాంక్ యూరప్‌కి ఓడెక్కాడు. తోడు ఎవరూ లేకపోవడంతో అతన్ని దాదాపు పార్సిల్ అప్పగించినట్టే పంపించారు. ఓడ ఉద్యోగి చేయి పట్టుకుని తిప్పడం, తర్వాత గదిలో వదిలి తాళం వేయడం! స్విట్జర్లాండ్‌లో బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్‌తో శిక్షణ పొంది, అదే ఏడాది జూన్‌లో తిరిగి ఓడెక్కాడు. ఈసారి డెక్ మీద బడ్డీతో తనకిష్టమైనప్పుడు తిరిగాడు. న్యూయార్క్‌లో దిగాక విలేకరుల ముందు రద్దీ రోడ్డు దాటి చూపించాడు. 1929లో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన 'ద సీయింగ్ ఐ' శిక్షణ సంస్థ ఈనాటికీ న్యూజెర్సీలో నడుస్తోంది. వెళ్లేటప్పుడు అతన్ని తీసుకెళ్లారు, వచ్చేటప్పుడు అతనే వచ్చాడు. తేడా అంతా అందులోనే ఉంది.

దారి మనిషిది, జాగ్రత్త కుక్కది

"కుక్కకి దారంతా తెలుసు, మనిషి వెనకాల వెళ్తాడు" అనుకుంటాం. నిజానికి ఎటు వెళ్లాలో మనిషికే తెలియాలి. కుడి, ఎడమ, ముందుకి అని ఆయన చెప్తే, మధ్యలో స్తంభం, మెట్టు, ఎదురొచ్చే బండి చూసుకోవడం కుక్క పని. ట్రాఫిక్ లైట్ చూసి అర్థం చేసుకోవడం దానికి రాదు. బండ్ల చప్పుడు విని రోడ్డు దాటాలనుకునేది మనిషే. ఆయన "పద" అన్నా ఎదురుగా ప్రమాదం ఉంటే కదలకుండా నిలబడిపోవడం కుక్కకి నేర్పే అన్నిటిలోకీ కష్టమైన పాఠం.

ఓడలో ప్రతి అంతస్తూ, ప్రతి వరండా ఒకేలా ఉంటాయి. చూపున్నవాళ్లమే గది తప్పిపోతాం. అందుకే మొదటి రోజే లిఫ్ట్ నుంచి గదికి, గది నుంచి భోజనాల హాలుకి నాలుగైదు సార్లు నడిచి చూసుకోవాలి. లిఫ్ట్ బటన్ల మీద, గది నంబర్ల మీద బ్రెయిలీ ఉందో లేదో ముందే అడగాలి. బఫేలో ఒక చేత్తో కుక్క, ఇంకో చేత్తో ప్లేటు కష్టం కాబట్టి వడ్డించమని సిబ్బందికి చెప్పుకోవాలి. ఎక్కిన రోజు జరిగే సేఫ్టీ డ్రిల్‌లో, ప్రమాదం వస్తే కుక్కతో సహా ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి.

అందరికీ వచ్చే సందేహం ఒంటికీ రెంటికీ ఎక్కడికి అని. గైడ్ డాగ్‌లని అనుమతించే పెద్ద కంపెనీలు డెక్ మీద ఒక మూల గడ్డో చెక్కపొట్టో వేసిన పెట్టె పెడతాయి. చెప్పినప్పుడు మాత్రమే పని కానిచ్చేలా ఈ కుక్కలకి శిక్షణ ఉంటుంది. అయినా కొత్త పెట్టె అంటే కొన్ని మొరాయిస్తాయి, ఇంటి దగ్గరే అలవాటు చేయాలి. ప్రయాణానికి సరిపడా తిండి కూడా వెంట తీసుకెళ్లాలి.

ఓడ ఒప్పుకుంటుంది, రేవు?

అసలు చిక్కు ఇక్కడుంది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు, తమ జలాల్లోకి వచ్చే విదేశీ జెండా క్రూజ్ ఓడలకీ వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. అదంతా ఓడ వరకే. రేవులో కుక్క దిగాలంటే ఆ దేశం అనుమతి కావాలి. మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆరోగ్య పత్రం, దిగుమతి పర్మిట్... దేశానికో లెక్క. నాలుగు రేవులుంటే నాలుగు రకాల కాగితాలు. ఒక్కటి తక్కువైనా కుక్క ఓడలోనే ఆగిపోతుంది, దాంతోపాటే యజమాని. అందుకే టికెట్ కొనకముందే ప్రతి రేవు నియమాలూ రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

గల్ఫ్‌లో కుక్కంటే చాలామందికి ఇబ్బంది. మన ఇళ్లల్లో మాత్రం? పూజ గదున్న ఇంట్లోకి కుక్కని రానిస్తారా అని అడిగితే ఎంతమంది తడుముకోరు! కానీ పనిచేసే జంతువుని గౌరవించడం ఈ నేలకి కొత్త కాదు. సలూకీ వేటకుక్కలు ఎడారి మనుషులతో ఎప్పటినుంచో ఉన్నాయి. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ క్యాబిన్‌లో వేట డేగలు మనుషుల పక్కనే ప్రయాణిస్తాయి. 2008లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక ముస్లిం విద్యార్థి గైడ్ డాగ్‌ని మసీదు ప్రవేశం దగ్గర ఉంచేందుకు పెద్దలు అనుమతించారు. ప్రార్థనా స్థలం శుచికి భంగం లేదు, అతను ప్రార్థనకి దూరం కాలేదు. పద్ధతి వెతికితే దొరుకుతుంది.

మనవాళ్లకి ఏం పనికొస్తుంది?

మన ఊళ్లల్లో గైడ్ డాగ్‌ని చూసినవాళ్లు అరుదు. వీధికుక్కల మధ్య, ఫుట్‌పాత్ లేని రోడ్ల మీద అది పనిచేయడమూ కష్టమే. మన పెద్దవాళ్లకి ఉన్నది తెల్ల కర్ర, లేదంటే మన భుజం. అయినా గైడ్ డాగ్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది: అది మనిషిని లాక్కెళ్లదు, ఆయన చెప్పిన వైపే నడుస్తుంది. మనం కూడా నాన్నగారి చేయి పట్టి లాగకుండా, మన మోచేయి అందిస్తే ఆయనే పట్టుకుని అర అడుగు వెనక నడుస్తారు. మెట్లొస్తే పైకా కిందకా చెప్పాలి. "ఆయనేం తింటారు?" అని వెయిటర్ మనల్ని అడిగితే, "ఆయన్నే అడగండి" అనాలి.

ఓడలోనో విమానంలోనో హార్నెస్ వేసుకున్న కుక్క కనిపిస్తే పిల్లలకి మూడు మాటలు చెప్పండి. ముట్టుకోకూడదు, పిలవకూడదు, బిస్కెట్ పెట్టకూడదు. అది డ్యూటీలో ఉంది, దాని దృష్టి మళ్లితే పడేది మనిషి. పలకరించాలనిపిస్తే మనిషిని పలకరించండి.

ఈసారి క్రూజ్ బుక్ చేసేముందు చూపు మందగించిన అమ్మనో నాన్ననో "మీరు ఎక్కడెక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?" అని అడగండి. ఎక్కాక మొదటి గంట వాళ్లతో దారి నడవండి. రెండో రోజు పొద్దున్న కాఫీకి వాళ్లే బయల్దేరితే, వెనకాల పరిగెత్తకండి.