వార్తల్లో పదం: ఆటోఫ్లవరింగ్

గంజాయి మొక్క మామూలుగా రాత్రులు పొడుగైతేనే పూతకొస్తుంది. ఆటోఫ్లవరింగ్ రకానికి ఆ పట్టింపు లేదు. మొలిచిన కొద్ది వారాలకే, పగలు ఎంతసేపున్నా, వయసును బట్టి పూసేస్తుంది. ఈ గుణం రుడరాలిస్ అనే పొట్టి రకానిది. 1924లో రష్యా వృక్షశాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ దాన్ని వర్ణించారు. చలిదేశాల్లో వేసవి కొద్దిరోజులే, త్వరగా గింజ కట్టకపోతే వంశం నిలవదు. దాన్ని ఇతర రకాలతో సంకరం చేసి, ఇంట్లో గుట్టుగా పెంచేవాళ్లకు విత్తన వ్యాపారులు అమ్ముతున్నారు.

కుండీలో ఒక్క మొక్కే కదా అనుకోవద్దు. 1985 నాటి మత్తుపదార్థాల నియంత్రణ (ఎన్‌డీపీఎస్) చట్టం 20వ సెక్షన్ ప్రకారం సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక్క మొక్కకైనా మినహాయింపు లేదు. మనవాళ్లు ఉక్కు కర్మాగారం పనులకొచ్చి స్థిరపడ్డ భిలాయ్‌లో, వైశాలి నగర్ మేడ మీదైనా, విశాఖ మన్యం కొండవాలులోనైనా చట్టం ఒక్కటే. మన్యంలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించిన ఆంధ్రా పోలీసులు, 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు.

పిల్లలు ఆన్‌లైన్లో ఏ గింజలు తెప్పిస్తున్నారో కాస్త చూడండి. సాయానికి జాతీయ హెల్ప్‌లైన్ 1933 ఉంది.