పెరిగిన కుక్కను ఇంట చేర్చుకొనునపుడు

వీధికుక్కను చేరదీసి పెంచుకొనుట మన పల్లెలలో క్రొత్త కాదు. కాని కుక్కపిల్ల నాలుగు నాళ్ళలో వెంట తిరుగును. పెరిగిన కుక్క అట్లు తిరుగదు. అన్నము ముట్టకుండుట, మంచము క్రింద దూరుట, రాత్రి ఏడ్చుట మొండితనము కాదు, భయము. ఇది తెలియక తరిమివేసినచో అది మరల వీధిన పడును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కలకు శస్త్రచికిత్సలు, టీకాలు జరిపించు భారము స్థానిక సంస్థలదే. కనుక పంచాయతీ సభ్యులు ఆ ఇంటివారికి ముందుగానే కొన్ని సంగతులు తెలుపవలెను.

వసారాలో ఒక మూల గోనెపట్టా పరచి, నీరు పెట్టి, కుక్కను దాని మానాన విడువవలెను. ఇంటిల్లిపాదియు చుట్టు మూగరాదు. ఒకే మనిషి, ఒకే వేళకు అన్నము పెట్టవలెను. పాతవీధికి పారిపోకుండ కొన్నాళ్ళు వాకిలి మూసియుంచవలెను. అది తినునపుడు, నిద్రించునపుడు పిల్లలను దరికి పోనీయరాదు. తోక ముడుచుట, ముఖము త్రిప్పుకొనుట దూరముగా నుండుమని అది చేయు హెచ్చరికలు. గుర్రుమన్నందుకు కొట్టినచో, గుర్రుమనుట మాని తిన్నగా కరచుట నేర్చును! కుదుటపడుటకు కొన్నిటికి మూడు నెలలైనను పట్టును. అంత కాలమా యని నవ్వువారు కలరు; క్రొత్త ఎద్దును కాడికి మప్పుటకు రైతు ఓపిక పట్టుట లేదా?

చెవికొన కత్తిరించిన గుర్తున్నచో శస్త్రచికిత్స జరిగినదని గ్రహింపవచ్చును. అయినను పశువైద్యునికి చూపి రేబీస్ టీకా వేయించి, ఆయన చెప్పిన గడువున మరల వేయించవలెను. ఒకవేళ కరచినచో గాయమును సబ్బుతో, పారునీట 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. గాయమునకు కారము గాని, పసరు గాని పూయరాదు.