కుదించిన విండోకు గుర్తింపు చిత్రము

అటకపై వరుసగా నున్న జాడీలన్నియు ఒకే ఆకారమున నుండవచ్చును. ఆవకాయ యేదియో, మాగాయ యేదియో తెలుపు గుర్తు పైన లేనిచో ప్రతి జాడీ మూతను తీసి చూడవలసి వచ్చును. కంప్యూటరు తెరపై కుదించి ఉంచిన విండోల సంగతియు ఇట్టిదే. విండోను కుదించినపుడు దానిలోని విషయము కనిపించదు. చూపరికి మిగులునది ఒక చిన్న చిత్రము మాత్రమే. దీనినే ఐకాన్ అందురు.

1975లో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధన గ్రంథమున ఈ పదమును కంప్యూటరు చిత్రములకు వాడెను. 1981లో జిరాక్స్ సంస్థ విడుదల చేసిన స్టార్ అను యంత్రమున ఇట్టి చిత్రములు తెరపైకి వచ్చినవి. 1990 నాటి విండోస్ 3.0లో కుదించిన విండో తెర అడుగున ఒక చిత్రముగా మారి నిలిచెడిది. 1995లో టాస్క్‌బారు ఏర్పడిన పిమ్మట ఆ చిత్రము దానిలో చేరినది.

ఐకాన్ అనగా చుక్కల పట్టిక. వాడుకలోనున్న పెద్ద పరిమాణము అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1024 చుక్కలు. చిన్న దానిలో 16 చొప్పున 256 చుక్కలే ఉండును. పట్టిక చతురస్రమైనను గుండ్రని గడియారము బొమ్మ గుండ్రముగనే కనిపించును. దీనికి కారణమేమి? విండోస్ మొదటి పద్ధతిలో చిత్రమునకు రెండు పట్టికలు కలవు. మొదటి పట్టికలో 1 ఉన్నచోట వెనుకనున్న తెర రంగు నిలుచును. 0 ఉన్నచోట చెరిగిపోవును. పిమ్మట రెండవ పట్టికలోని రంగులు వచ్చి చేరును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని చుక్కలకు పాక్షిక పారదర్శకతయు సాధ్యమైనది.

సాధారణ విండోను నిర్మించువారు ముందుగా దానికొక తరగతిని నమోదు చేయుదురు. ఆ నమోదులోనే ఐకాన్‌ను పేర్కొందురు. ఆ తరగతికి చెందిన విండోలన్నియు దానిని ధరించును. కాని ప్రశ్న అడిగి సమాధానము గైకొను డైలాగ్ విండోల విషయము వేరు. ఇవి సామాన్యముగా విండోస్ తానే సిద్ధపరచి ఉంచిన, 32770 అను సంఖ్యచే గుర్తింపబడు తరగతికి చెందినవి. ఆ నమోదు ప్రోగ్రాము వ్రాయువాని చేతిలో లేదు. అందుచే తగిన ఏర్పాటు చేయనిచో అతని డైలాగ్ సొంత గుర్తు లేకయే తెరపైకి వచ్చును.

దీనికి ఉపాయము సందేశము. తరగతిని మార్చక, ఒక్కొక్క విండోకు విడిగా "ఈ చిత్రమును ధరింపుము" అని చెప్పవచ్చును. సెట్‌ఐకాన్ అను ఈ సందేశము సంఖ్య 128. డైలాగ్ తెరపై కనిపించుటకు ముందు దానికి ప్రారంభ సందేశము అందును. ఈ పనికి అదియే తగిన సమయము. సందేశమును రెండుమారులు పంపవలెను: 0 అను సూచనతో చిన్న చిత్రమును, 1 అను సూచనతో పెద్ద చిత్రమును. చిన్నది విండో శీర్షికపై కనిపించును. పెద్దది ఆల్ట్, ట్యాబ్ మీటలను కలిపి నొక్కినపుడు కనిపించును. పెద్దదానిని మాత్రమే ఇచ్చినచో విండోస్ దానినే కుదించి చూపును. అపుడు సన్నని గీతలు చెదరిపోవును.

మూడు జాగ్రత్తలు అవసరము. డైలాగ్‌కు కుదించు మీట ఉండవలెను. లేనిచో వాడువారికి దానిని కుదించు అవకాశమే కలుగదు. వేరొక విండోకు లోబడిన డైలాగ్ సామాన్యముగా టాస్క్‌బారులో చేరదు. దానిని కుదించినచో తెర అడుగున ఎడమవైపు చిన్న పట్టీగా నిలుచును. ఇక మూడవది: ప్రోగ్రాము తానుగా సృష్టించిన ఐకాన్‌ను విండోస్ తొలగింపదు. విండో మూసిన పిమ్మట ప్రోగ్రామే దానిని విడుదల చేయవలెను. ముందుగా విడుదల చేసినచో చిత్రము మాయమగును. ఎన్నటికిని చేయనిచో స్మృతి వృథా అగును.

చిత్రమును గీయుట అభ్యసించుటకు గళ్ళ కాగితము చాలును. మెకింటాష్ యంత్రము కొరకు సూజన్ కేర్ తన బొమ్మలను మొదట గళ్ళ పుస్తకముననే గీసెను. విద్యార్థులు ఒక ఉష్ణమాపకమును 32 గళ్ళ చతురస్రమున గీసి, తిరిగి 16 గళ్ళలో గీయవలెను. అంకెలకు చోటు చాలదు. గాజు నాళము, పాదరసపు గోళము మిగులును. ఏది విడిచినను వస్తువు గుర్తింపబడునో, ఏది విడిచినచో గుర్తింపబడదో అపుడు తెలియవచ్చును.