ఊపిరి బిగబట్టగాకురా

దువ్వూరు దగ్గర మా చిన్నాయన తోటలో ఒక మోటబావి ఉండేది. ఎండాకాలం సెలవులివ్వగానే కర్నూలు నుంచి అక్కడికి చేరేవాళ్లం. నడుముకు బెండ్లు కట్టి, మెట్ల మీద నుంచి నీళ్లలోకి తోసేవాడు చిన్నాయన. రోజుకొక బెండు తీసేసేవాడు. ఆఖరి బెండు తీసిన రోజు మునిగిపోయి, నీళ్లు మింగి, మెట్టు రాయిని కరుచుకుని ఏడుస్తుంటే ఆయన ఒక్కటే మాట అన్నాడు: "ఊపిరి బిగబట్టగాకురా. నీళ్లలోపల ఇడిచిపెట్టు, పైకొచ్చి పీల్చుకో."

ఆ మాట ముప్పై ఏళ్ల తర్వాత కాన్‌బెర్రాలో, లేక్ బర్లీ గ్రిఫిన్ నడిమధ్యలో మళ్లీ వినిపించింది. అది నా మొదటి ట్రయథ్లాన్: ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి. తెల్లవారుజాము, చలి, ఛాతీని పట్టి బిగించిన వెట్‌సూట్. ఎవరిదో కాలు తగిలి గాగుల్స్ జారాయి. కింద చూస్తే బురద రంగు తప్ప ఏమీ లేదు. గుండె గొంతులోకి వచ్చింది. చెయ్యెత్తి పడవ వాళ్లను పిలుద్దామనుకున్నాను. అంతలో చిన్నాయన మాట గుర్తొచ్చింది. వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ, ఊపిరి వదలడం ఒక్కటే పనిగా పెట్టుకున్నాను. పది సార్లు వదిలాక చేతులు వాటంతటవే కదిలాయి. ఆ రోజు ఈతలో నా వెనక ఉన్నవాళ్లు చాలా తక్కువమంది. అయినా మన సంఘం వేడుక సావనీర్‌కు వ్యాసం రాయమంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆ పది ఊపిరులే.

ఆ పోటీ నడిపేది ధ్యానం చేసుకునేవాళ్లు. శ్రీ చిన్మయ్ మారథాన్ టీమ్ అని పేరు. పేరులో మారథాన్ ఉన్నా ఇక్కడ దశాబ్దాలుగా ట్రయథ్లాన్లు కూడా పెడుతున్నారు. వాళ్ల గురువు చిన్మయ్ 1931లో చిట్టగాంగ్ జిల్లాలో పుట్టారు. తల్లిదండ్రులు పోయాక 1944లో పన్నెండేళ్ల వయసులో పుదుచ్చేరి అరవిందాశ్రమం చేరారు. ఆ ఆశ్రమాన్ని నడిపిన మదర్ వ్యాయామానికి ఎంత విలువ ఇచ్చారంటే, 1949లో వాళ్లు మొదలుపెట్టిన పత్రికకు పేరే 'బులెటిన్ ఆఫ్ ఫిజికల్ ఎడ్యుకేషన్'. ధ్యాన మందిరానికీ ఆటస్థలానికీ మధ్య గోడ లేని చోట ఆ పిల్లవాడు పరుగులో పేరు తెచ్చుకున్నాడు. 1964లో న్యూయార్క్ వెళ్లి భారత కాన్సులేట్‌లో గుమాస్తాగా చేరారు. చుట్టూ చేరిన శిష్యులు మొదట కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లే. 1977కు వాళ్లే ఒక పరుగు జట్టు అయ్యారు. తర్వాత ఈత, సైకిల్ వచ్చి కలిశాయి. ఇంగ్లిష్ ఛానల్ ఈదినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

వీళ్లు న్యూయార్క్ జమైకా ప్రాంతంలో 1997 నుంచి నడుపుతున్న పోటీ గురించి విన్నప్పుడు నేను మొదట నమ్మలేదు. ఒక హైస్కూలు చుట్టూ ఉన్న కాలిబాట మీద 3,100 మైళ్లు, అంటే సుమారు 4,990 కిలోమీటర్లు. 5,649 చుట్లు. పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా, 52 రోజుల్లో పూర్తి చేయాలి. రోజూ పరుగు మొదలుపెట్టే ముందు అందరూ కాసేపు మౌనంగా నిలబడతారు. కాన్‌బెర్రాలో మేమూ అలాగే నిలబడ్డాం. ఆ నిమిషంలో నాకు కర్నూలు గుర్తొచ్చింది.

1990లో కర్నూలులో ఎరువుల కంపెనీ ఉద్యోగి సుభాష్ పత్రి గారు కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టారు. తర్వాత పిరమిడ్ ధ్యానంగా ఊరూరా పాకింది ఆ విత్తనమే. "శ్వాస మీద ధ్యాస" అనే మాట తెలియని కర్నూలు ఇల్లు ఆ రోజుల్లో లేదంటే అతిశయోక్తి కాదు. మా అమ్మ నన్నూ ఒకరింటికి తీసుకెళ్లేది. జంపఖానా మీద కాళ్లు మడిచి, వేళ్లలో వేళ్లు దూర్చి, కళ్లు మూసుకోవాలి. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మే నెల కర్నూలు ఉక్క ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మెడ మీద నుంచి చెమట వీపులోకి ధారగా దిగుతోంది. ఒక కన్ను తెరిచి చూశాను. ఇరవై మందిలో ఒక్కరు కదల్లేదు. మా అమ్మ ముక్కు చివర ఒక చెమటబొట్టు నిలిచి ఉంది, ఆమె దాన్ని తుడుచుకోలేదు. ఓర్పు అంటే ఏమిటో నేను చూసింది అప్పుడే. పత్రి గారు కూడా ధ్యానులను అడవుల్లోకి, కొండల మీదికి ట్రెక్కింగ్‌కు తీసుకుపోయేవారు. కూర్చున్నవాళ్లు లేచి నడవాలన్న ఆలోచన మన ఊళ్లోనూ పుట్టింది. అది పోటీ దాకా పోలేదు, అంతే.

అసలు పత్రి గారి కంటే ఎంతో ముందు నుంచీ కర్నూలు వీధుల్లో భక్తీ నడకా కలిసే ఉన్నాయి. ఉగాదికి కర్ణాటక భక్తులు శ్రీశైలం నడిచిపోతారు. వందల కిలోమీటర్లు, బొబ్బలెక్కిన కాళ్లు, కొందరైతే మరకాళ్ల మీద. ఆత్మకూరు దాటి, వెంకటాపురం నుంచి నల్లమల ఎక్కి, భీముని కొలను మీదుగా మల్లన్నను చేరతారు. దారిపొడవునా మన జనం మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు, ముక్కూమొహం తెలియనివాళ్ల కాళ్లకు నూనె రాసి పిసుకుతారు. నోట్లో శివనామం, కింద కాలే రోడ్డు. ట్రయథ్లాన్‌లో నీళ్ల గ్లాసు అందించే వలంటీరును చూసినప్పుడల్లా, మా వీధి చివర కుండలో మజ్జిగ కలుపుతున్న అవ్వలే కనిపిస్తారు నాకు.

అందుకే నాకొక కోరిక: కర్నూలు, కడపల మధ్య ఒక ట్రయథ్లాన్. 1978లో హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్‌కు నిలబడింది పదిహేను మంది, పూర్తి చేసింది పన్నెండు మంది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. ఈ లెక్కను మన నేల మీద పరిచి చూడండి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పుట్టి కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా పారే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ మనకుంది. 1860ల్లో ఒక ఇంగ్లిష్ కంపెనీ సాగుకూ పడవలకూ కలిపి తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కర్నూలులో సైకిలెక్కితే నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా ఇంచుమించు ఆ సైకిల్ దూరానికే మైదుకూరు ప్రాంతం చేరతాం. అక్కడి నుంచి కడప కాస్త అటూ ఇటూగా మారథాన్ దూరం. రెండు జిల్లా కేంద్రాల మధ్య పోటీ దారి ఎవరో కొలిచి పెట్టినట్టుంది.

సైకిలు, పరుగు సీమ పిల్లలకు ఒకరు నేర్పేదేం లేదు. అద్దె సైకిలు మీద అడ్డతొక్కుడుతో మొదలుపెట్టినవాళ్లం మేము, సంగటి తిని పొలాల గట్ల మీద పరిగెత్తినవాళ్లం. పోయింది ఈత. బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఎండిపోయాయి. చిన్నాయన మోటబావిలో ఇప్పుడు కంపచెట్లున్నాయి. నా తరంలో పల్లె పిల్లవాడికి ఈత రాకపోతే సిగ్గు. ఇప్పుడు ఆ పల్లెలోనే పదిమందిలో ఎవరికి వచ్చో వెతుక్కోవాలి. ఈత రాకుండా కాలవలో దిగిన పిల్లల సంగతి విన్నప్పుడల్లా కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టుంటుంది. ఈ వేడుక నుంచి మిగిలే డబ్బు ఏం చేద్దామని కమిటీ అడిగింది కనుక చెబుతున్నాను: కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి, లోతు తక్కువ ఈతకొలను, నేర్పే మనిషికి జీతం. పోటీ సంగతి తర్వాత.

కాన్‌బెర్రా పోటీ అయిన రోజు సాయంత్రం చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. అంతా విని, "నీళ్లు సల్లగా ఉండాయా?" అని అడిగాడు.

"శానా సల్లగా ఉండాయి చిన్నాయనా."

"మీ పిల్లోల్లకు వచ్చునా ఈత?"

పెద్దదానికి వచ్చు, చిన్నోడికి రాదన్నాను.

"కాలవకు నీళ్లు ఇడిసినప్పుడు పిల్చకరా. బెండ్లు నేను చేసిపెడతా. మోకు కూడా ఉండాది ఇంట్లో."