తీరానికి ఏది రక్ష?

తుఫాను అనే మాట మన ఉర్దూకు, తెలుగుకు ఉమ్మడి సొత్తు. ఉప్పెన అనే మాట మాత్రం తెలుగు తీరానిది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఈ ఉప్పెనయే. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రజలం గ్రామాలకు గ్రామాలను తుడిచివేసింది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. వారిలో గాలికన్న నీటికి బలియైనవారే అధికం. తీరరక్షణను గురించి ఆలోచించేవారు ఈ భేదాన్ని మొదట గుర్తించాలి.

ఆ సముద్రమే నేడు మెల్లమెల్లగా ఎత్తు పెరుగుతున్నది. భూతాపం వలన నీరు వ్యాకోచిస్తున్నది, హిమరాశులు కరిగి కడలిలో కలుస్తున్నవి. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినట్లు శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. జానెడు నీరే కదా అనవచ్చు. కాని ఉప్పెన లేచేది ఆ జానెడు మీద నుండియే! పైగా కృష్ణా గోదావరుల ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో డెల్టాలకు కొత్త మన్ను కరవైనది.

దీనికి నిపుణులు చెప్పే మార్గాలు మూడు: అడ్డుకొనడం, సర్దుకొనడం, వెనుకకు జరగడం.

అడ్డుకొనడమనగానే అందరికీ గోడ స్ఫురిస్తుంది. అది కంటికి కనబడుతుంది, శంకుస్థాపనకు అనువైనది. అయితే గోడను తాకిన అల ఊరక పోదు. గోడ పాదంలోని ఇసుకను తవ్వుతుంది, పక్క ఊరి ఒడ్డును కోస్తుంది. మన తీరంలో ఏడాదిలో అధికభాగం ఇసుక కెరటాల వెంట దక్షిణం నుండి ఉత్తరానికి సాగుతుంది. దారిలో అడ్డంకి కడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో రాళ్ళు పోశారు, ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులు పరిచారు. అవి కూడ దెబ్బతిన్నవి, ఇళ్ళు కడలిపాలవుతూనే వచ్చినవి. ఓడరేవు, పెద్ద పట్టణం వంటి కదలించరానిచోట గోడ తప్పదు. ప్రతి పల్లెకూ గోడ కావాలనడం మాత్రం పొరపాటని మేము తలుస్తున్నాము.

గోదావరి ముఖాన కోరంగి మడ అడవులు ప్రకృతి కట్టిన కట్ట. వాటి వేళ్ళు ఒండ్రును పట్టి ఉంచుతాయి, అలల వేగాన్ని తగ్గిస్తాయి, రొయ్యపిల్లలకు ఆశ్రయమిస్తాయి. కాని మడచెట్టుకు బురద కావాలి, ఉప్పునీటితో మంచినీరు కలియాలి. కెరటాలు కొట్టే ఇసుక ఒడ్డున నాటితే బ్రతకదు. మొక్కలు నాటే ఉత్సవాలలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

సర్దుకొనడంలో ప్రాణరక్షణ ముఖ్యం. 1999లో ఒడిశా తుఫానుకు సుమారు 10,000 మంది మరణించగా, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు; మరణాలు వందకు లోపే. ముందస్తు హెచ్చరిక, ఎత్తైన ఆశ్రయ భవనం, అక్కడికి చేర్చే బాట — ఈ మూడింటికన్న చవకగా ప్రాణం కాపాడేది మరొకటి లేదు. కాని ఉప్పునీరెక్కిన పొలాన్ని ఆశ్రయ భవనం కాపాడలేదు.

వెనుకకు జరగడం అన్నిటికన్న కఠినం. లోపల పక్కా ఇల్లు ఇచ్చినంత మాత్రాన జాలరి తరలిరాడు. అతని పడవ, వల, చేపల వేలం అన్నీ ఒడ్డునే ఉన్నవి. రాత్రివేళ పడవకు కాపలా ఎవరు? ఇల్లు మారినా రేవుపై హక్కు నిలుస్తుందా? దీనికి జవాబు చెప్పని పథకంలో కట్టిన ఇళ్ళకు తాళాలు వేలాడుతాయి.

మన విద్యార్థులలో తీరగ్రామాలవారు సెలవులకు వెళ్ళినప్పుడు ఒక పని చేయగలరు. తమ ఊరి ఆశ్రయ భవనం పైకప్పు గట్టిగా ఉన్నదా, వృద్ధులు మెట్లు ఎక్కగలరా, స్త్రీలకు మరుగుదొడ్డి కలదా, తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది అని కనుగొని వ్రాసి తేవాలి. ఆ వివరాలను జిల్లా అధికారులకు పంపే భారం కళాశాల కమిటీవారు స్వీకరించగలరని ఆశిస్తున్నాము.